తీరం మీది అమానత్

కడియం పేరు వినని తెలుగువారు అరుదు. రాజమండ్రి దాటి కాలువ గట్టు వెంట వెళితే కడియపులంక, బుర్రిలంక, జేగురుపాడు వరకూ దారికి రెండు వైపులా మొక్కలే కనిపిస్తాయి. మామిడి అంట్లు, సపోటా అంట్లు, గులాబీలు, క్రోటన్లు, పేరు కూడా తెలియని విదేశీ మొక్కలు. చిన్న ప్లాస్టిక్ సంచిలో పెరిగిన మొక్క లారీ ఎక్కి ఢిల్లీ వరకూ పోతుంది. ఆ మొక్కకు యజమాని ఉన్నాడు, ధర ఉంది, కొనేవాడు ఉన్నాడు. ఎండిపోతే నష్టపోయేవాడూ ఉన్నాడు. అందుకే ఎవరూ గుర్తు చేయకపోయినా దానికి వేళకు నీరు అందుతుంది.

అక్కడికి 40 కిలోమీటర్లకు పైగా తూర్పున, అదే గోదావరి సముద్రంలో కలిసే చోట మరో రకం చెట్లు ఉన్నాయి. కోరంగి మడ అడవులు. మడ మొక్కను కొనుక్కెళ్లి ఇంటి ముందు నాటుకునేవారు లేరు. దాని కింద కూర్చుందామంటే మోకాలి లోతు బురద. మడ, పొన్న, తిల్ల అని జాలరులకు తెలిసిన పేర్లు కాకినాడ బజారులో చాలామందికి తెలియవు. తిల్ల చెట్టు పాలు కంట పడితే చూపు దెబ్బతింటుందని మాత్రం అక్కడి కట్టెలు కొట్టేవారు ఒకరికొకరు చెప్పుకుంటారు.

ఈ వ్యాసంలో మనం ఆలోచించదలచిన ప్రశ్న ఆ రెండు రకాల చెట్ల మధ్య ఉంది. ధర లేని దానికి, ఫలానావాడిదని చెప్పలేని దానికి హాని చేసినవాడు ఎవరికి జవాబుదారి? నరికినవాడు ఒకడు, లాభం పొందినవాడు ఇంకొకడు, పది ఇరవై ఏళ్ల తర్వాత ఉప్పెనలో కొట్టుకుపోయినవాడు మరొకడు అయినప్పుడు ప్రళయ దినాన ఆ లెక్క ఎవరి కర్మల పత్రంలో ఉంటుంది?

ముందు ఆ చెట్టు చేసే పని ఏమిటో తెలుసుకోవాలి. తెలియని దాని మీద తీర్పు చెప్పడం ధర్మం కాదు.

మడ చెట్టు ఉప్పునీటిలో, రోజుకు రెండుసార్లు పోటు వచ్చి మునిగే బురదలో బతుకుతుంది. ఆ బురదలో గాలి ఆడదు. అందుకని మడ వేళ్లు బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్లు పైకి పొడుచుకు వచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. పొన్న జాతి చెట్లయితే కాండం నుంచి ఊతకర్రల్లా వేళ్లు దింపుతాయి. పొన్న గింజ తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. జానెడు పొడవు పెరిగాక బురదలోకి జారి నాటుకుంటుంది, లేదా నీటి మీద తేలుతూ వెళ్లి ఎక్కడో ఒడ్డు పట్టుకుంటుంది. నర్సరీలో మనిషి శ్రద్ధగా చేసే పనిని సృష్టికర్త ఆ చెట్టు కొమ్మ మీదనే ఏర్పాటు చేశాడు.

ఈ వేళ్ల అల్లిక గుండా అల దూసుకువచ్చేటప్పుడు దాని బలం ముక్కలవుతుంది. నూరు మీటర్ల వెడల్పున మడ ఉంటే గాలికి లేచే అలల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గవచ్చని పలు దేశాల్లో కొలిచి చూసినవారు లెక్క తేల్చారు. చెట్లు ఎంత దట్టంగా ఉన్నాయి, నీరు ఎంత లోతుంది అన్నదాన్ని బట్టి ఈ తేడా వస్తుంది. ఉప్పెన సంగతి వేరు. ఉప్పెన అంటే ఒక అల కాదు, తుపాను గాలి సముద్రాన్నే నేల మీదికి తోసుకురావడం. దాన్ని తగ్గించడానికి నూరు మీటర్లు చాలవు. ఒక కిలోమీటరు అడవి దాటేసరికి ఉప్పెన నీటిమట్టం 5 నుంచి 50 సెంటీమీటర్ల దాకా తగ్గుతుందని అంచనా. అంటే అడవి వెడల్పు కిలోమీటర్లలో ఉండాలి.

కొన్ని తీరాల్లో ఇదే సేవను నీటి అడుగున సముద్రపు గడ్డి చేస్తుంది. అది నాచు కాదు. వేరు, ఆకు, పువ్వు ఉన్న నిజమైన మొక్క. వేళ్లతో ఇసుకను పట్టి ఉంచుతుంది, ఆకులతో అల వేగాన్ని నెమ్మది చేస్తుంది. అయితే దానికి వెలుతురు కావాలి. తమిళనాడు వైపు పాక్ జలసంధిలో, మన్నారు సింధుశాఖలో, ఒడిశా చిలికా సరస్సులో అది విస్తారంగా పెరుగుతుంది. గోదావరి నోటి దగ్గర నీరు ఒండ్రుతో బురదగా ఉండి లోతుకు వెలుతురు చేరదు గనుక ఇక్కడ ఆ బాధ్యతలో ఎక్కువ భాగం మడ మీదనే పడింది. ఎక్కడ ఏది తగునో అక్కడ దాన్ని నిలిపినవాడు అల్లాహ్.

కోరంగికి తుపాను కొత్త కాదు. ఒకప్పుడు అది పెద్ద రేవు. అక్కడ ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువారిని ఆ దేశంలో కోరంగీలనే పిలిచేవారు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వరుసగా వచ్చి ఆ ఊరిని ముంచాయని, 20 వేల మంది వరకూ చనిపోయారని కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ తర్వాతి కాలంలో రాశాడు. మనం ఈ రోజు వాడే ‘సైక్లోన్’ అనే మాటను తయారు చేసింది కూడా ఆయనే. 1848లో వచ్చిన ఆయన పుస్తకంతో అది వాడుకలోకి వచ్చింది. 1839 నవంబరులో మరో ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టింది. ఆ కాలంలో రొయ్యల చెరువులు లేవన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. అయినా ఊరు పోయింది.

ఈ మాట ఎందుకు అంటున్నామంటే, మడ అడవి ఉంటే ఇక ఏ భయమూ లేదని చెప్పే ఉపన్యాసాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. చెట్టును తాయెత్తు చేసుకోవడం మనకు తగదు. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన మహా తుపాను మీద జరిగిన ఒక పరిశోధన ఈ విషయంలో చాలా నిజాయితీగా మాట్లాడింది. కేంద్రపాడా జిల్లాలో 400కు పైగా గ్రామాల మరణాల లెక్కను, ప్రతి ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్న మడ వెడల్పునూ పోల్చి చూశారు. మడ ఎక్కువ ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువ. దూరం, ఎత్తు, పేదరికం వంటి ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా నిలిచింది. అదే పరిశోధన మరో మాట కూడా చెప్పింది. అడవి కాపాడిన ప్రాణాలకంటే ముందస్తు హెచ్చరిక విని ఊరు ఖాళీ చేయడం వల్ల దక్కిన ప్రాణాలు ఎక్కువ. 2004 డిసెంబరు సునామీలో తమిళనాడు తీరాన చెట్ల వెనుక ఉన్న ఊళ్లకు నష్టం తక్కువ జరిగిందని కొందరు శాస్త్రజ్ఞులు రాస్తే, అది చెట్ల వల్లనా, ఆ ఊళ్లు కాస్త ఎత్తులో దూరంగా ఉండటం వల్లనా అని మరికొందరు ప్రశ్నించారు. ప్రశ్నించడం మంచిదే. మేలు చేసేదాన్ని దాని కొలతకు మించి పొగిడితే, ఒక్కసారి అది విఫలమైనప్పుడు జనం దాన్ని పూర్తిగా వదిలేస్తారు.

మన జిల్లాల సంగతికి వద్దాం. 1977 నవంబరు 19న దివిసీమలో 10 వేల మందికి పైగా చనిపోయారు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. వేటకు వెళ్లి తిరిగి రాని మత్స్యకారులు అందులో ఎంతోమంది. కోనసీమలో లక్షలాది కొబ్బరి చెట్లు కూలాయి. సరిగ్గా అయిదు వారాల తర్వాత, డిసెంబరు 11న, సుప్రీంకోర్టు జగన్నాథన్ అనే గాంధేయవాది వేసిన కేసులో తీర్పు చెబుతూ తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులను తొలగించాలని ఆదేశించింది. ఆ సంవత్సరాల్లో చెరువు తవ్వినవాడే తెలివైనవాడు. వరి పొలాలు పోయాయి, మడ భూములూ పోయాయి. 2005లో పార్లమెంటు చట్టం చేసి చెరువులను లైసెన్సుల కిందికి తెచ్చింది. తీర్పు కాగితం మీద ఉండగా చెరువులు నేల మీద ఉండిపోయిన చోట్లు తీరం పొడవునా ఉన్నాయి.

తుపాను వచ్చినప్పుడల్లా మన ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: “తఖ్దీర్. అల్లాహ్ రాసిపెట్టింది జరుగుతుంది.” ఇందులో సందేహం లేదు. విధిని విశ్వసించడం ఈమాన్‌లో భాగం. కాని ఆ మాటను నోరు మూయించడానికి వాడుకునేవారు హజ్రత్ ఉమర్ (రజి) షామ్ ప్రయాణాన్ని గుర్తు చేసుకోవాలి. సరిహద్దు చేరేసరికి ముందున్న ఊళ్లలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులను సంప్రదించి ఆయన వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. తాము అల్లాహ్ విధించిన ఒకదాని నుంచి అల్లాహ్ విధించిన మరోదానివైపు వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చి, ఒంటెలను ఒక లోయలోకి తోలుకువెళ్లిన కాపరిని ఉదాహరణగా చూపారు. లోయకు ఒక వైపు పచ్చిక, మరోవైపు బీడు. ఎటు మేపినా విధి ప్రకారమే. అయితే పచ్చిక ఉండగా బీడులో మేపే కాపరిని ఎవరు మెచ్చుకుంటారు?

గాలి ఎప్పుడు వీచాలో మన చేతిలో లేదు. తీరాన పచ్చిక ఉంచాలా, బీడు చేయాలా అన్నది మన చేతిలో ఉంది. గాలిని విధి ఖాతాలో రాసి, నరికిన చెట్టును కూడా అదే ఖాతాలో కలిపేయడం మోసపు లెక్క. దివ్య ఖుర్‌ఆన్ అర్రూమ్ సూరాలో నేల మీద, సముద్రంలో తలెత్తే చెడును మనుషుల చేతలతో ముడిపెట్టింది. సముద్రాన్ని కూడా పేరెత్తి చెప్పడం తీరప్రాంత వాసులు ప్రత్యేకంగా ఆలోచించవలసిన సంగతి.

ఇక యాజమాన్యం. షరీఅత్‌లో ‘మవాత్’ అనే మాట ఉంది. ఎవరికీ చెందని, ఎవరూ సాగు చేయని నిర్జీవ భూమి అని అర్థం. అటువంటి భూమికి ప్రాణం పోసినవాడికి దానిపై హక్కు వస్తుందని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తెలియజేశారు. దీన్ని పట్టుకుని ఒకరు వాదించవచ్చు: మడ బురద నిర్జీవ భూమే కదా, చెరువు తవ్వి రొయ్య పెంచినవాడు దానికి ప్రాణం పోసినట్లే కదా అని. వాదన బలహీనమైనదేమీ కాదు. కొట్టిపారేయకుండా చూద్దాం.

మొదటిది, ఊరికి ఆనుకుని ఉండి ఊరివారు పశువులు మేపుకునే, కట్టెలు తెచ్చుకునే భూమిని హనఫీ ధర్మవేత్తలు మవాత్‌గా లెక్కించలేదు. ఖాళీగా కనిపించడం వేరు, నిర్జీవంగా ఉండటం వేరు. మడ బురదలో రొయ్యపిల్ల, చేపపిల్ల, పీత పెరుగుతాయి. చెరువు తవ్వకముందే దానికి ప్రాణం ఉంది. రెండోది, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో నిర్జీవ భూమిని తీసుకోవడానికైనా పాలకుని అనుమతి కావాలి. పాలకుడు పట్టా ఇచ్చేస్తే? అప్పుడు మూడోది చూడాలి. అది మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది.

యమన్‌లోని మారిబ్ నుంచి అబ్యద్ బిన్ హమ్మాల్ (రజి) అనే సహాబీ వచ్చి, అక్కడి ఉప్పు తావును తనకు ఇప్పించమని కోరారు. దైవప్రవక్త (సఅసం) ఇచ్చారు. ఆయన వెళ్లాక సభలో ఉన్న ఒకరు, ఏమిచ్చారో తెలుసా, ఎప్పటికీ ఊరే నీటి వంటి దాన్ని ఇచ్చేశారు అని విన్నవించారు. అంటే అందరూ వచ్చి తీసుకునే, ఎవరి శ్రమా లేకుండా లభించే ఉమ్మడి వనరు అది. దైవప్రవక్త (సఅసం) ఆ మంజూరును వెనక్కి తీసుకున్నారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ ఉదంతం ఉంది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడంలో ఆయన్ను మించినవారు లేరు. అయినా పదిమందిదైనది ఒక్కడికి పోతోందని తెలిసిన వెంటనే మంజూరు రద్దయింది. చేతిలో పట్టా ఉన్నంతమాత్రాన ఆత్మసాక్షి దగ్గర ప్రశ్న ముగియదని దీన్నిబట్టి మనకు అర్థమవుతోంది. కోరంగి అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ప్రకటించిన హద్దుకు బయట కూడా మడ ఉంది. దానికి కాపలా మన ఆత్మసాక్షే.

నుఅమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన, బుఖారీలో ఉన్న ఓడ హదీసు మన పాఠకులకు తెలిసిందే. కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చింది. కిందివారికి నీళ్లు కావలసినప్పుడల్లా పైవారి మధ్య నుంచి వెళ్లాలి. వారిని ఇబ్బంది పెట్టడం ఎందుకు, మన వాటాలో చిల్లు పెట్టుకుంటే పోతుందనుకున్నారు. వదిలేస్తే అందరూ మునుగుతారు, చెయ్యి పట్టుకుంటే అందరూ బతుకుతారు. సాధారణంగా దీన్ని చెడును అడ్డుకోవాలన్న బోధకు ఉదాహరణగా చెబుతారు. అది సరైనదే. అయితే ఇందులో మనం దాటేసే వివరం ఒకటుంది. కిందివారు దుర్మార్గులు కారు. వారికి దాహం వేసింది. పైగా ఇతరులను ఇబ్బంది పెట్టకూడదన్న మంచి ఉద్దేశం కూడా ఉంది. మరి చెయ్యి పట్టుకున్నాక వారికి నీళ్లు ఎలా అందాలి? పై అంతస్తువారు దారి ఇవ్వాలి కదా!

తీరంలో ఇదే జరుగుతోంది. మడ కొట్టి పొయ్యిలో పెట్టుకునే స్త్రీకి గ్యాసు సిలిండరు నింపించే స్తోమత లేకపోవచ్చు. 2020లో కాకినాడ శివారు దుమ్ములపేట వద్ద పేదల ఇళ్ల స్థలాల కోసం మడ భూమిని చదును చేయడంపై వివాదం రేగి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇల్లు లేని కుటుంబానికి ఇల్లు ఇవ్వడం గొప్ప పుణ్యకార్యం. కాని ఊళ్లో ఎత్తైన నేలంతా డబ్బున్నవారి చేతిలో ఉండి, పేదవాడికి బురద మాత్రమే మిగిలితే, ఆ బురదలో వేసిన ఇంటి ముందు అలను ఆపే చెట్టు కూడా లేకపోతే, ఆ ఇల్లు ఎవరికి రక్షణ? చిల్లు పెట్టింది కిందివారే, పెట్టించింది మాత్రం పై అంతస్తు.

ఈ ఓడకు పై అంతస్తు కాకినాడతో ఆగదు. కోరంగి బురద ఎక్కడిది? గోదావరి తెచ్చిన ఒండ్రే. కడియం లంకల ఒండ్రూ అదే. 1970వ దశకంలో ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు డెల్టాకు చేరేదని, 2000-2006 నాటికి అది 6 కోట్ల టన్నులకు లోపు పడిపోయిందని పరిశోధకులు లెక్కగట్టారు. ఎగువన కట్టిన జలాశయాల్లో మిగతాది ఆగిపోతోంది. ఒండ్రు రాకపోతే తీరం కోసుకుపోతుంది. ఉప్పాడలో సముద్రం ఇళ్లను మింగుతున్న సంగతి తెలియనివారు లేరు. ధవళేశ్వరం నీటితో అన్నం తినే మనమందరం పైనున్నవాళ్లమే. 2022లో పాత తూర్పు గోదావరి జిల్లాను విడదీశాక కడియం ఒక జిల్లాలో, కోరంగి మరో జిల్లాలో, అమలాపురం ఇంకో జిల్లాలో ఉన్నాయి. కలెక్టర్లు వేరయ్యారు గాని నది ఒక్కటే.

పాడైన మడను బాగుచేయవచ్చా అంటే, చేయవచ్చు. 1990వ దశకం చివర నుంచి స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాల కమిటీలు కలిసి గోదావరి, కృష్ణా తీరాల్లో ఈ పని చేశాయి. పూర్వం అడవిని చదరాలుగా కొట్టేసిన చోట నేల ఎండి, కుంగి, పోటు నీరు వచ్చి తిరిగి పోలేక నిలిచిపోయి, ఉప్పు పేరుకుపోయేది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా బతకవు. అందుకని ముందు చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు వచ్చిపోయే దారి తెరిచారు. తర్వాతే మొక్క. ఫొటో కోసం ఒక రోజు మొక్క నాటి వెళ్లేవారు ఈ వరుసను గమనించాలి. చెట్టు నాటితే దాని నుంచి పక్షి, పశువు, మనిషి తిన్నదంతా నాటినవాడికి సదఖాగా రాయబడుతుందన్న శుభవార్త మనకు ఉంది. మడ బురదలో పెరిగే పీత, రొయ్య, అక్కడ వాలే కొంగ కూడా ఆ లెక్కలోనివేనని మా నమ్మకం.

పాఠక సోదరులు కొందరు అడగవచ్చు, సముద్రం చూడని కుటుంబం ఏం చేయగలదని. మన ఇళ్లలో రొయ్య కొంటాం, స్థలం కొంటాం, పెట్టుబడి పెడతాం. హలాల్ అంటే జబహ్ వరకేనా? సొమ్ము పెట్టే ముందు ఆ చెరువు, ఆ లేఅవుట్ ఏ నేల మీద వచ్చాయో విచారించడం కూడా హలాల్ సంపాదనలో భాగమే. పెళ్లి ఖర్చు తగ్గించి మిగిల్చిన డబ్బుతో తీరపు పేట ఒకదానికి వంటగ్యాసు కనెక్షన్లు ఇప్పించిన మహల్లా మడ చెట్టును ముట్టుకోకుండానే దాన్ని కాపాడినట్లవుతుంది. ఇళ్ల స్థలాల జాబితా తయారవుతున్నప్పుడు, పేదవాడికి గట్టు మీద చోటు చూపించమని గ్రామసభలో లేచి అడగడానికి ఏ పట్టా అవసరం లేదు. ఆ సభకు వెళ్లే తారీఖు పంచాయతీ బోర్డు మీద రాసి ఉంటుంది.